వంగిన గిటార్ నెక్‌ని ఇంట్లో సరిచేసుకోవడం ఎలా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల సంగతేమో గానీ, ఆ రెండు వారాల్లో మా ఇంటికి గిటార్లు వరస కడతాయి. మాది విజయవాడ గుణదల. చుట్టుపక్కల చర్చిల్లో వాయించే కుర్రాళ్లు, కాలేజీ బ్యాండ్ల పిల్లలు సంచి భుజాన వేసుకుని వచ్చి చెప్పే మాట ఒక్కటే: "అన్నా, నెక్ వంగిపోయింది. ఐదో ఫ్రెట్ దాటితే వేళ్లు తెగుతున్నాయి." నెక్ అంటే గిటార్ మెడ, ఫ్రెట్లు దాని మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు. సంచి విప్పి చూస్తే చాలాసార్లు నెక్ బాగానే ఉంటుంది, తప్పు ఇంకోచోట ఉంటుంది. ఈలోపే ఎవరో వీడియో చూసి అలెన్ కీ (ఆరు పలకల ఇనప కీ) పెట్టి నెక్ లోపలి కడ్డీని తిప్పేసి ఉంటే మాత్రం, లేని వంపు కొత్తగా వచ్చి ఉంటుంది. కాబట్టి ఈ పనిలో ముప్పాతిక భాగం కొలవడమే. తిప్పడం అరనిమిషం పని.

అసలు ఎందుకు వంగుతుంది

గిటార్‌ని విల్లు అనుకోండి. నెక్ విల్లుకర్ర, తీగలు అల్లెతాడు. అకూస్టిక్ గిటార్‌కి 12 నంబరు (నంబరు పెరిగితే తీగ లావు) స్టీలు తీగల సెట్ వేసి మామూలు శ్రుతికి బిగిస్తే ఆరు తీగలూ కలిసి 70 కిలోలకు పైగా లాగుతాయి. మీరు పడుకున్నా, ఊరెళ్లినా ఆ లాగుడు ఆగదు. దానికి ఎదురు నిలవడానికి నెక్ లోపల ఒక ఇనప కడ్డీ ఉంటుంది. అదే ట్రస్ రాడ్. బిగించుకోవడానికి, వదులు చేసుకోవడానికి వీలున్న రాడ్‌కి గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ 1921లో దరఖాస్తు చేసుకుని 1923లో పేటెంటు పొందాడు. ఇవాళ మనం కీతో తిప్పేది ఆ ఆలోచన నుంచి వచ్చిందే.

వంపు మూడు రకాలు. తీగల లాగుడుకి నెక్ మధ్యలో పల్లమై, తల ముందుకు వస్తే ముందు వంపు. రాడ్ మరీ బిగిసి నెక్ మధ్యలో ఉబ్బి, తల వెనక్కి పోతే వెనక వంపు. ఒక పక్క ఒకలా, రెండో పక్క ఇంకోలా తిరిగితే మెలి. మొదటి రెండింటికీ రాడ్ మందు. మెలికి రాడ్ ఏమీ చేయలేదు.

ఇంకో మాట. నెక్ స్కేలు గీసినట్టు నిటారుగా ఉండాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. తీగ మోగేటప్పుడు మధ్యలోనే ఎక్కువ ఊగుతుంది కాబట్టి, అక్కడ కొద్దిపాటి పల్లం ఉండాలి. దాన్ని రిలీఫ్ అంటారు. మనం చేసేదల్లా ఆ పల్లాన్ని కావలసినంతకి తేవడం. వీణకి ఈ తంటా కొంత తక్కువ. నూజివీడులో వీణలు చేసేవాళ్లు మెట్లను, అంటే వీణ ఫ్రెట్లను, మైనంలో కూర్చి మేళం కడతారు. ఏళ్లు గడిచి దండి (వీణ మెడ) కాస్త కదిలినా మైనం కరిగించి మళ్లీ మేళం కట్టుకుంటారు. గిటార్ ఫ్రెట్లు చెక్కలోకి దిగగొట్టినవి. అవి కదలవు, నెక్కే కదలాలి.

ముందు కొలవండి

కావలసినవి: ఒక కాపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ మీద నొక్కి పట్టే బిగింపు), మిల్లీమీటర్ గీతలున్న స్టీలు స్కేలు, ఫిల్లర్ గేజ్ (సందు ఎంతో కొలిచే పలచటి స్టీలు రేకుల కట్ట). చివరిది మ్యూజిక్ షాపులో అడిగితే తెల్లమొహం వేస్తారు. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లి టాపెట్ సెట్టింగుకి వాడే ఫిల్లర్ గేజ్ అనండి, వెంటనే ఇస్తారు. అది లేకపోతే జెరాక్స్ కాగితం చాలు. మామూలు జెరాక్స్ కాగితం ఒక్కటి దాదాపు 0.1 మి.మీ. మందం ఉంటుంది.

గిటార్‌ని మీరు వాయించే శ్రుతికే ట్యూన్ చేయండి. వదులు తీగలతో కొలిచిన కొలత దేనికీ పనికిరాదు. పడుకోబెట్టి కాదు, వాయించేటప్పుడు పట్టుకున్నట్టే ఒడిలో పెట్టుకుని కొలవండి. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో బిగించండి. లావు తీగని, అంటే ఆరో తీగని, నెక్ ఒంటికి కలిసే చోట ఉన్న ఫ్రెట్ మీద వేలితో నొక్కండి. అకూస్టిక్‌లో అది సాధారణంగా పద్నాలుగోది. ఇప్పుడు ఆ తీగే మీ స్కేలు: రెండు చివర్లా ఆనుకుని నిటారుగా ఉంటుంది. ఏడో ఫ్రెట్ నెత్తికీ తీగ అడుక్కీ మధ్య ఎంత సందు ఉందో గేజ్ దూర్చి చూడండి. తీగని పైకి లేపకుండా గేజ్ దూరాలి.

0.1 నుంచి 0.3 మి.మీ. లోపు ఉంటే నెక్ జోలికి వెళ్లకండి. రెండు జెరాక్స్ కాగితాలు దూరి నాలుగోది తీగని లేపుతుంటే చక్కగా ఉన్నట్టే. అర మి.మీ. దాటితే ముందు వంపు. సందే లేకుండా తీగ ఫ్రెట్‌కి అంటుకుని ఉంటే నెక్ పూర్తిగా నిటారుగా ఉందన్నా కావాలి, వెనక వంపన్నా కావాలి. సన్న తీగ మీద కూడా ఇదే కొలత తీయండి. లావు తీగ వైపు ఒకలా, సన్న తీగ వైపు బాగా తేడాగా వస్తే మెలి ఉందేమో చూడాలి.

మెలి చూడటానికి వడ్రంగులకు ఓ పాత చిట్కా ఉంది. తిన్నని పట్టీలు రెండు తీసుకుని ఒకటి మొదటి ఫ్రెట్ మీద, ఒకటి పన్నెండో ఫ్రెట్ మీద అడ్డంగా పెట్టి, తల వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. రెండు పట్టీల అంచులూ సమానంగా కనిపించాలి. ఒకటి ఓ పక్కకి ఒరిగినట్టుంటే మెలి ఉన్నట్టే. చిన్నపిల్లల ప్లాస్టిక్ స్కేళ్లు రెండున్నా ఈ పని అయిపోతుంది.

వంపు కాని వంపులు

తీగలు ఎత్తుగా ఉండటం, నెక్ వంగడం ఒకటి కావు. రిలీఫ్ సరిగ్గా ఉండి కూడా పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 4 మి.మీ. ఎత్తులో ఉందనుకోండి, తప్పు నెక్ వంపుది కాదు. అకూస్టిక్‌కి అక్కడ లావు తీగ 2.4 నుంచి 2.8, సన్న తీగ 1.6 నుంచి 2 మి.మీ. ఎత్తు ఉంటే హాయిగా వాయించుకోవచ్చు. ఎత్తు ఎక్కువైతే శాడిల్‌ని, అంటే ఒంటి మీద తీగలు ఆనే సన్న పట్టీని, కింద అరగదీయాలి, లేదా నెక్ కోణమే మారిందేమో చూడాలి. పొడవాటి స్కేలు ఫ్రెట్ల మీదుగా బ్రిడ్జి (శాడిల్ కూర్చున్న చెక్క) దాకా పెట్టండి. స్కేలు కొస బ్రిడ్జి చెక్క పై అంచుని తాకుతూ ఆగాలి. అంతకంటే కిందకి వెళ్లి బ్రిడ్జిని గుద్దుకుంటే నెక్ కోణం పోయింది. నెక్‌ని ఊడదీసి మళ్లీ కూర్చాలి. అది ఇంట్లో చేసే పని కాదు. వర్షాల్లో పై పలక చెమ్మ పీల్చి బ్రిడ్జి వెనక ఉబ్బుతుంది. అప్పుడు కూడా తీగలు లేస్తాయి, నెక్ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

బజ్, అంటే తీగ ఫ్రెట్‌కి తగిలి వచ్చే గరగర, వచ్చే చోటు కూడా కథ చెబుతుంది. మొదటి నాలుగైదు ఫ్రెట్లలో బజ్ వస్తే నెక్ వెనక్కి వంగి ఉండొచ్చు. ఏమీ నొక్కకుండా మీటితేనే బజ్ వచ్చి, కాపో వేయగానే పోతే నట్ (తల దగ్గర తీగలు ఆనే గాళ్ల పట్టీ) గాడి అరిగింది. ఒక్కచోటే వస్తే ఆ పక్క ఫ్రెట్ పైకి లేచింది.

నేను నేర్చుకునే రోజుల్లో నా గిటార్‌ని ఊళ్లో ఒక షాపులో ఇచ్చాను. నెక్ వంపుని వదిలేసి శాడిల్‌ని సగానికి సగం అరగదీసి ఇచ్చారు. తీగలు తగ్గాయి, పని అయిందని సంబరపడ్డాను. ఏడాది తర్వాత ఇంకొకాయన రాడ్ తిప్పి నెక్ సరిచేస్తే తీగలు ఫ్రెట్ల మీద పడుకున్నాయి. కొత్త శాడిల్ కొనాల్సి వచ్చింది.

రాడ్ తిప్పడం

రాడ్‌ని తిప్పే నట్ (తీగలు ఆనే నట్ కాదు, మర నట్) రెండు చోట్లలో ఒకచోట ఉంటుంది. తల మీద చిన్న ప్లాస్టిక్ మూత ఉంటే దాని కింద, లేకపోతే మధ్య రంధ్రం లోపల, నెక్ ఒంటిలోకి దిగే చోట. టార్చి వేసి చూడండి. చాలావాటికి 4 లేదా 5 మి.మీ. అలెన్ కీ పడుతుంది. కొన్నింటికి అంగుళాల కొలత ఉంటుంది, కొన్నింటికి బయట నుంచి పట్టే బాక్స్ స్పానర్ కావాలి. కీ లోపలికి పూర్తిగా దిగాలి, కాస్త కూడా ఆడకూడదు. 4.5 పట్టాల్సిన చోట 4 పెట్టి తిప్పితే నట్ మూలలు అరిగిపోతాయి. ఆ తర్వాత మీరు నన్ను తిట్టుకుంటారు.

తిప్పే ముందు నట్ మీదా, పక్క చెక్క మీదా పెన్సిల్‌తో ఒక గీత పెట్టండి. ఎక్కడ మొదలుపెట్టారో ఆ గీతే చెబుతుంది. మొదట వదులు వైపు, అంటే గడియారానికి ఎదురు దిక్కులో, రవ్వంత తిప్పి చూడండి. కదిలిందంటే మర బాగుంది. అసలు కదలకపోతే బలం పెట్టకండి. అగ్గిపుల్ల మొనతో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క మర మీద అంటించి, రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్లీ చూడండి. స్ప్రే కొట్టొద్దు. నూనె చెక్కకి పడితే తర్వాత అంటించేది ఏదీ అతకదు.

ముందు వంపు ఉంటే బిగించాలి: నట్‌కి ఎదురుగా నిలబడి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కు. మొదట తీగల్ని ఒకటి రెండు స్వరాలు దించండి, రాడ్ మీద భారం తగ్గుతుంది. అప్పుడు పావు చుట్టు తిప్పండి. పావు అంటే పావే. మళ్లీ శ్రుతి చేసి, పది నిమిషాలు వాయించి, కొలవండి. ఇంకా ఎక్కువే ఉంటే ఇంకో పావు. ఒకే రోజు అర చుట్టు దాటకండి. చెక్క ఇనుము చెప్పిన మాట వెంటనే వినదు. ఇవాళ తిప్పినదానికి రేపు పొద్దునకి ఇంకాస్త కదులుతుంది. మొత్తం మీద ఒక చుట్టుకి మించి తిప్పాల్సి వచ్చి, అయినా కొలత మారడం లేదంటే ఆగిపోండి. రాడ్ చివరికి వచ్చింది, లేదా లోపల ఏదో తేడా ఉంది.

ఆగాలన్న ఈ బుద్ధి నాకు ఖర్చు పెట్టుకున్నాక వచ్చింది. ఓ చర్చి గిటార్, ఆదివారం ఆరాధనకి కావాలని శనివారం రాత్రి తెచ్చారు. నట్ గట్టిగా ఉంది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ తిప్పాను. లోపల నుంచి 'టక్' మంది. కీ తేలిగ్గా తిరగడం మొదలైంది. తేలిగ్గా తిరిగితే ఆ క్షణం సంతోషం వేస్తుంది, రాడ్ తెగిందని రెండు క్షణాల తర్వాత అర్థమవుతుంది. ఆదివారం నా గిటార్ పంపాను, నెలాఖరుకి వాళ్లకి కొత్తది కొనిచ్చాను.

వెనక వంపు ఉంటే ఎదురు దిక్కు. ఇక్కడ మీ రాడ్ ఏ రకమో తెలియాలి. ఒకవైపే పనిచేసే రాడ్‌ని వదులు చేస్తే ఒక దశలో నట్ ఊరికే తిరుగుతుంది, ఆపైన నెక్‌ని ముందుకి తెచ్చే పని తీగలదే. 11 సెట్ ఉంటే 12కి మార్చి, శ్రుతిలో ఉంచి, వారం పది రోజులు వదిలేయండి. రెండువైపులా పనిచేసే రాడ్ అయితే వదులు దాటాక మళ్లీ పట్టు తగులుతుంది, అక్కణ్నుంచి అదే నెక్‌ని ముందుకి నెడుతుంది. ఆ పట్టు తగిలాక కూడా పావు చుట్ల లెక్కే.

రాడ్ లేని గిటార్లు

మన దగ్గర చాలామందికి చేతిలో పడే మొదటి గిటార్ తక్కువ ధరది. అలాంటివాటిలో కొన్నింటికి తిప్పే రాడ్ ఉండదు. నైలాన్ తీగల క్లాసికల్ గిటార్లలో ఎక్కువవాటికి అసలే ఉండదు, అవసరమూ లేదు: ఆ తీగలు 40 కిలోల దాకానే లాగుతాయి. చిక్కల్లా వాటికి స్టీలు తీగలు వేసినప్పుడే. గుంటూరు అరండల్‌పేట నుంచి ఒకాయన తెచ్చిన క్లాసికల్ గిటార్ మీద రెండేళ్లుగా స్టీలు తీగలున్నాయి, 'సౌండు బాగా వస్తుందని'. ఏడో ఫ్రెట్ దగ్గర సందులో రూపాయి నాణెం దూరింది. బ్రిడ్జి వెనక అంచు కూడా లేస్తోంది. ముందు ఆ తీగలు తీసి అవతల పెట్టండి.

స్టీలు తీగలకే చేసినదై, రాడ్ లేక కొద్దిగా వంగితే, మొదట తేలిక మార్గం పట్టండి. 12 సెట్ తీసి 10 వేయండి, లాగుడు పది కిలోలకు పైగా తగ్గుతుంది. అర స్వరం దించి వాయించుకుని, పాటకి కాపోతో సర్దుకోండి. చాలా గిటార్లకి ఇంతే సరిపోతుంది.

సరిపోకపోతే వేడి చేసి బిగించడం. ఇది పాడైనా పర్వాలేదనుకునే గిటార్ మీదే చేయండి. ఫ్రెట్‌బోర్డుని (ఫ్రెట్లు కొట్టిన పలకని) నెక్‌కి అతికించిన తెల్ల జిగురు 60, 70 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఆ వేడిలో రెండు చెక్కలూ ఒకదాని మీద ఒకటి వెంట్రుకవాసి జారి, చల్లారాక కొత్త ఆకారంలో పట్టుకుంటాయి. సూత్రం ఇంతే.

తీగలు పూర్తిగా తీసేయండి. కిటికీలు చేసే కొట్టులో రెండడుగుల అల్యూమినియం బాక్స్ పైపు ముక్క, గట్టిది, కోయించుకోండి. రెండు సి-క్లాంపులు, రెండు చిన్న చెక్క ముక్కలు కావాలి. ఫ్రెట్‌బోర్డు మీద తడి లేని పంచె గుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టెని నడిమి వేడిలో పెట్టి, ఆపకుండా మెల్లగా పైకీ కిందకీ పది పదిహేను నిమిషాలు తిప్పండి. ఆవిరి వద్దు. నెక్ వెనక చెయ్యి వేస్తే బాగా వెచ్చగా తగలాలి, చెయ్యి కాలితే ఎక్కువైనట్టు. ప్లాస్టిక్ చుక్కలున్న చోట పెట్టెని నిలపకండి, కరిగిపోతాయి.

వేడి తగలగానే పైపుని ఫ్రెట్ల మీద పొడవునా పెట్టండి. పైపుకీ ఫ్రెట్లకీ మధ్య చెక్క ముక్కలు తీగల నట్ పక్కన ఒకటి, ఒంటి దగ్గర ఒకటి. క్లాంపులు మధ్యలో, ఐదు నుంచి తొమ్మిది ఫ్రెట్ల మధ్య. బిగిస్తుంటే నెక్ నడుము పైపు వైపు లేస్తుంది. క్లాంప్ పన్ను నెక్ వెనక గుచ్చుకోకుండా పాత హవాయి చెప్పు ముక్క కోసి, గుడ్డ చుట్టి పెట్టండి. దానికి మించిన దిండు నాకు ఇంతవరకు దొరకలేదు. నిటారుకి వచ్చాక ఇంకో మి.మీ. వెనక వంపు వచ్చేదాకా బిగించండి, ఎందుకంటే విప్పగానే కొంత తిరిగి వస్తుంది. ఒక రోజంతా కదపకండి. తర్వాత విప్పి, తీగలు వేసి, రెండు రోజులాగి కొలవండి. మొదటిసారికి సగమే తగ్గితే ఇంకోసారి చేయవచ్చు. మూడోసారి చేయవద్దు.

దీనికీ లొంగకపోతే మిగిలింది ఫ్రెట్లు పీకి, ఫ్రెట్‌బోర్డుని చిత్రిక పట్టి, కొత్త ఫ్రెట్లు కొట్టడం. కొద్దిపాటి మెలికి కూడా ఇదే వైద్యం. చేయి తిరిగినవాళ్ల పని అది, కూలి తక్కువ ధర గిటార్ వెలని దాటిపోతుంది. ఎలక్ట్రిక్ గిటార్‌కి నెక్ స్క్రూలతో బిగించి ఉంటే వేరే నెక్ కొని వేసుకోవడమే లాభం. ఆరు వేల అకూస్టిక్ మెలి తిరిగితే దాన్ని స్లైడ్ (తీగల మీద గొట్టం జార్చి వాయించే పద్ధతి) వాయించడానికి ఉంచుకోమంటాను. తీగలు ఎత్తుగా ఉండటం స్లైడ్‌కి మంచిదే.

మళ్లీ వంగకుండా

బ్లేజ్‌వాడ అని ఊరికే అనరు. ఎండలో అద్దాలు మూసిన కారులో వేడి 60 డిగ్రీలకు చేరడం వింతేమీ కాదు, జిగురు మెత్తబడే వేడీ అదే. బెంజ్ సర్కిల్ దగ్గర అరగంట పనే కదా అని డిక్కీలో వదలకండి. ఆర్టీసీ బస్సు కింద సామాన్ల అరలో అసలే వేయకండి, ఒళ్లో పెట్టుకోండి. రేకుల షెడ్డు చర్చిల్లో గోడకి తగిలించే అలవాటు మాన్పించండి. పడమటి గోడ సాయంత్రం దాకా పొయ్యిలా ఉంటుంది. ఏసీ గదిలోంచి తీసి నేరుగా ఎండలోకి తేకండి, సంచిలోనే ఓ అరగంట ఉంచి తీయండి.

గదిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే గిటార్‌కి సుఖం. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొని సంచిలో వేసుకోండి. ఏసీ బాగా వాడి తేమ తగ్గితే ఫ్రెట్ల కొసలు పక్కకి పొడుచుకు వచ్చి చేతికి గీరుకుంటాయి, చెక్క ఎండిందనడానికి అది మొదటి గుర్తు. వర్షాల్లో చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా సంచి జేబులో వేయండి. నెలల తరబడి వాయించకపోతే తీగల్ని ఒక స్వరం దించండి, పూర్తిగా తీసేయకండి. రాడ్ బిగిసి ఉండి తీగలు లేకపోతే నెక్ వెనక్కి వంగుతుంది.

ఒక కాగితం మీద తేదీ, ఏడో ఫ్రెట్ కొలత, ఏవైపు ఎంత తిప్పారో రాసి సంచిలో పెట్టుకోండి. నా గిటార్ కాగితం మీద మేలో 0.15, ఆగస్టులో 0.3 అని నాలుగేళ్లుగా దాదాపు అవే అంకెలున్నాయి. వినాయక చవితి దాటాక పావులో సగం బిగిస్తాను, వేసవి మొదట్లో అంతే వదులుతాను.